అంబాసిడర్‌కు ఒకటి, ఎంజీఏకు రెండు

టెక్కలి, పలాసల మీదుగా పోయే పాత ఐదో నంబరు జాతీయ రహదారి మీద స్పోర్ట్స్ కారు కనిపించడం అరుదే. స్పోర్ట్స్ కారు ఇంజను మాత్రం ఈ రోడ్డు మీద దశాబ్దాలపాటు తిరిగింది. అంబాసిడర్ బానెట్ కింద ఉండటంతో దాన్ని ఎవరూ పోల్చుకోలేదు.

1955లో ఇంగ్లండులో ఎంజీఏ అనే రెండు సీట్ల కారు వచ్చింది. దానిది బీఎంసీ బి-సిరీస్ ఇంజను, 1489 సీసీ. పలాస మీదుగా పోయే రైళ్లు చేరే హౌరాకు దగ్గర్లోనే ఉత్తర్‌పారా ఉంది. అక్కడి హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కొన్నాళ్లకే పాత సైడ్‌వాల్వ్ ఇంజను తీసేసి, అంబాసిడర్‌లో ఇదే 1489 సీసీ ఇంజను బిగించారు. ఎంజీఏలో అది 70 హార్స్‌పవర్ దరిదాపుల్లో లాగేది, మన దగ్గర 55 దాటలేదు. తేడా అంతా కార్బొరేటర్‌దే అనలేం. మన పెట్రోలు నాణ్యతను బట్టి ఇక్కడ కంప్రెషన్ తగ్గించారు. అయినా బానెట్ ఎత్తితే ముందుగా కంటబడే తేడా అదే. ఎంజీఏకు రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, అంబాసిడర్‌కు ఒకటి.

గాలిలో పెట్రోలు కలిపే ఈ కార్బొరేటర్ కథ ఎంజీఏకు డెబ్బై ఏళ్ల ముందు మొదలైంది. కార్ల్ బెంజ్ తొలి బండిలో గాలి పెట్రోలు మీదుగా వెళ్తూ ఆవిరిని తోడుకుపోయేది. ఎండ, చలి, రోడ్డు కుదుపు, ఏది మారినా పాళ్లు మారిపోయేవి. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగేరీలో బాంకీ, చోంకా ఈ పద్ధతిని మార్చేశారు. ఫ్లోట్ ఉన్న గిన్నెలో పెట్రోలు ఒకే మట్టంలో నిలుస్తుంది, సన్నని జెట్టు గుండా గాలి దాన్ని పీల్చుకుంటుంది. మొన్నటి మోపెడ్ కార్బొరేటర్ దాకా మూల సూత్రం ఇంతే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. బలం కావాలంటే పెట్రోలు కాస్త పెంచాలి, మైలేజీ కావాలంటే తగ్గించాలి. ట్యూనింగ్ అంటే ఈ రెంటి మధ్య జరిగే బేరమే.

ఆ బేరాన్ని యంత్రానికే అప్పగించింది ఎస్‌యూ. పేరు విప్పితే స్కిన్నర్స్ యూనియన్. స్కిన్నర్ సోదరులది లండన్‌లో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం, అందుకేనేమో వాళ్ల తొలి కార్బొరేటర్లలో తోలు తిత్తి ఉండేది. తర్వాత దాని చోట లోహపు పిస్టన్ వచ్చింది. ఇంజను ఎంత పీలిస్తే పిస్టన్ అంత లేస్తుంది. దాని అడుగున ఉన్న మొన సన్నని సూది జెట్టులోంచి అంత పైకొస్తుంది, పెట్రోలుకు అంత దారి దొరుకుతుంది. అంటే ఎంపిక చేయాల్సింది ప్రధానంగా సూదినే, దాని వాలు ఎక్కడ ఎంత ఉండాలన్నదే. ఇంజను మారితే సూది మారుతుంది. మిగతాదంతా జెట్టు కింద ఉన్న ఆరు పలకల నట్టు చూసుకుంటుంది.

దాన్ని సరిచేసే తీరు చూడాలి. ఇంజను బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా, పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, నట్టు ఒక పలక పైకి తిప్పాలి. తడబడి ఆగిపోబోతే పెట్రోలు చాలనట్టు, కిందికి తిప్పాలి. క్షణం పాటు కొద్దిగా పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయినట్టే. రెండు కార్బొరేటర్లుంటే ఇంకో పని కూడా ఉంది. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి రెండింటి బుసనూ వంతులవారీగా వినాలి. బుసలు సమానం కాకపోతే రెండు సిలిండర్లు పని చేస్తుంటే మిగతా రెండూ మోయించుకుంటాయి. ఇటలీలో ఎడోయార్డో వెబర్ కార్బొరేటర్లు ఇంకా ముందుకెళ్లాయి. రెండు గొంతుల డీసీఓఈ రెండు బిగిస్తే నాలుగు సిలిండర్లకూ తలో గొంతు. రేసుకు అంతకన్నా మంచిది లేదు, ఊళ్లో తిరగడానికి అంతకన్నా దండగా లేదు.

మన దేశంలో ఆ సరదా మద్రాసు దగ్గరి షోలవరం పాత విమానాశ్రయపు రన్‌వే మీద జరిగిన లాంటి రేసులకే పరిమితం. ఫియట్, హెరాల్డ్ కార్లు అక్కడ ఊగిపోయేవి. ఆ రేసులకు ఉత్తరాన, మన దారిలో కలెక్టరు కారుకూ ట్యాక్సీకీ కావాల్సింది మైలేజీ. తర్వాతి అంబాసిడర్లలోకి సోలెక్స్ కార్బొరేటర్ కూడా వచ్చింది. ఫియట్‌కూ అదే. అందులో లేచే సూది ఉండదు, స్థిరమైన జెట్లే. తిప్పడానికి రెండు స్క్రూలు చాలు కాబట్టి రోడ్డు పక్క మెకానిక్కుకు అదే నచ్చిందని నా అనుమానం.

అసలైన ట్యూనింగ్ మాత్రం ఇక్కడ రెండు చక్రాల బండ్ల మీదే సాగింది. బుల్లెట్‌కు బర్మింగ్‌హామ్ సంప్రదాయపు ఆమల్ కార్బొరేటర్, ఆ తర్వాత మిక్‌కార్బ్. 1985లో ఆర్‌ఎక్స్ 100 జపాన్ మికునీతో వచ్చి కుర్రాళ్లందరినీ మెయిన్ జెట్టు నంబర్ల గురించి మాట్లాడేలా చేసింది. రీడింగు చూసేది మీటరులో కాదు, ప్లగ్గు మీద. పింగాణీ మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే చాలలేదు. కాశీబుగ్గ బట్టీల్లో దోరగా వేగిన జీడిపప్పు రంగులో ఉంటే ముట్టుకోనక్కర్లేదు.

ఉద్దానం తీరంలో మరో చిక్కుంది. భావనపాడు, మంచినీళ్లపేట వైపు చేపల బుట్టలు మోసే టీవీఎస్ మోపెడ్లు ఉప్పుగాలిలోనే నిలబడి ఉంటాయి. వానాకాలంలో వారం రోజులు తీయకుండా ఉంచిన బండి గిన్నె విప్పితే అడుగున తెల్లటి పొడి, జెట్టు రంధ్రంలో నలకలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటి లాంటి రోజుల్లో నీళ్లలో నానిన బండ్లకు మొదట విప్పాల్సింది ఈ గిన్నెనే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. కొత్త మోటారు సైకిళ్లలో కార్బొరేటర్ దాదాపు మాయమైంది. కార్లలో అంతకు రెండు దశాబ్దాల ముందే ఇంజెక్షన్ రాజ్యమేలుతోంది. కార్బొరేటరే మేలని వాదించే పాతకాలపు అభిమానులతో నేను ఏకీభవించను. వానలో తెల్లవారుజామున ఒక్క కిక్కుకు స్టార్టయ్యే బండిని కాదనడం మొండితనం. పోయింది వేరే విషయం. ఇప్పుడు పాళ్లు తేల్చేది సెన్సరు, దాన్ని చదవాలంటే స్కానరు ఉండాలి.

మిగిలిన పాత బండ్లకు కొత్త సమస్య పెట్రోలులోనే వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిస్తే పూర్తిగా మండటానికి కావాల్సిన గాలి 14.7 పాళ్ల నుంచి పదమూడున్నర దగ్గరికి దిగుతుంది. పాత జెట్టు అంతే ఉంటే ఇంజనుకు పెట్రోలు చాలదు, ప్లగ్గు తెల్లబడుతుంది, వేడి పెరుగుతుంది. పైగా ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. ఉప్పుగాలి కొట్టే ఊళ్లో ఇది రెట్టింపు బెడద. కాబట్టి అంబాసిడర్ అయినా ఆర్‌ఎక్స్ 100 అయినా ఇంకా నడుపుతున్నవాళ్లు మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి ప్లగ్గు రంగు చూడాలి. ఎస్‌యూ అయితే నట్టు ఒకటి రెండు పలకలు దింపి, పిస్టన్ ఎత్తి మళ్లీ వినాలి. పది రోజులు బండి తీయకపోతే గిన్నెలో పెట్రోలు ఉంచకూడదు, అడుగు స్క్రూ విప్పి ఖాళీ చేసి పెట్టాలి.