సున్నము, సిమెంటు, జిగురు: విశాఖపట్టణపు వంటింటి గోడ చరిత్ర

దేశచరిత్ర యనగా రాజుల యొక్కయు, రణముల యొక్కయు వృత్తాంతమని మనవారిలో పెక్కుర తలంపు. కోటను ఎవరు కట్టించిరో శాసనము చెప్పును. ఎవరు కట్టిరో చెప్పదు. ఇటుకను ఇటుకతో అతికించిన చేయి ఎవరిది, ఆ చేతి తాపీపై నుండిన ముద్ద ఏ వస్తువులతో కలుపబడినది అను ప్రశ్నలకు మన గ్రంథములందు ప్రత్యుత్తరము దొరకుట అరుదు. తాపీపనియే జీవనాధారముగా గల కుటుంబములు మన సంఘమున అనేకములు గలవు. కావున ఈ వార్షిక మహాసభా సంచికయందు, గోడపని అతుకు విశాఖపట్టణమున రెండు మారులు మారిన విధమును, అందు విశేషించి వంటింటి పొయ్యిగట్టు వెనుకనుండు చిన్న గోడ చరిత్రను వ్రాయ సాహసించుచున్నాము. విషయము అల్పమని పాఠకులు త్రోసివేయకుందురు గాక! కొన్ని కుటుంబముల కూడు దీనితో ముడివడి యున్నది.

సున్నపు కాలము

విశాఖ పరిసరములందు ఇటుకపని మిక్కిలి ప్రాచీనమైనది. అనకాపల్లి చెంతనున్న శంకరము కొండమీదను, భీమునిపట్టణము త్రోవలోని తొట్లకొండ, బావికొండలమీదను బౌద్ధ సంఘారామముల ఇటుక కట్టడములు నేటికిని కానవచ్చును. 17వ శతాబ్దిలో భీమునిపట్టణమున వర్తకస్థానము నెలకొల్పుకొనిన డచ్చివారు తమ మృతులకు కట్టించిన సమాధులును ఉప్పుగాలికి ఎదురొడ్డి నిలిచియున్నవి.

సిమెంటు రాకపూర్వము మేడలకును, దేవాలయములకును, బావులకును అతుకు సున్నమే. సముద్రతీరమున గుల్లను, లోపలి ఊళ్ళలో సున్నపురాతిని బట్టీయందు కాల్చి, నీరు చల్లి పొడియగునట్లు చేసి, ఇసుకతో కలిపి గానుగలో వేసి ఎద్దులచే త్రిప్పించెడివారు. గుండ్రని కాలువలో రాతిచక్రము తిరిగిన కొలదియు సున్నము వెన్నవలె నగును. మేలైన పూతకు బెల్లపు నీరును, కరక్కాయ కషాయమును, కోడిగ్రుడ్డు తెలుపును కూడ చేర్చుట దక్షిణదేశమున ప్రసిద్ధమే. ఈ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి రాయిగా మారును. త్వరపడువానికి అది లొంగదు. ఓర్పు గలవానికి తరతరములు నిలుచును.

అప్పటి వంటింటి గోడకు పలకల అవసరము లేదు. కట్టెలపొయ్యి నేలమీద నుండెడిది. పొగచేత గోడ నల్లబడిన యెడల సంక్రాంతికో, పెండ్లికో వెల్లవేయుటతో సరిపోయెడిది. గోడ మాసిపోవుటయు, తిరిగి తెల్లబడుటయు సంవత్సరచక్రములో నొక భాగముగా నుండెడివి.

సిమెంటు కాలము

ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు 1824లో పోర్ట్‌లండు సిమెంటునకు పేటెంటు పొందెను. ఈ వస్తువును లోకమునకు ఇచ్చినవాడు మనవలె తాపీ పట్టినవాడే యని మన యువకులు గుర్తుంచుకొనవలెను. మన దేశమున 1904లో చెన్నపట్టణమున సిమెంటు చేయుటకు ప్రయత్నము జరిగెను. 1914లో పోరుబందరున కర్మాగారము పని నారంభించెను.

విశాఖపట్టణపు రేవులోనికి 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ మొదట ప్రవేశించెను. అదే సంవత్సరము డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్‌డన్ ప్రభువు రేవునకు ప్రారంభోత్సవము జరిపెను. పిమ్మట 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. 1966 నాటి మహోద్యమమునకు ఫలముగా 1971 జనవరి 20వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన శ్రీ పి. వి. నరసింహారావు దానిని జాతికి అంకిత మొనర్చిరి. ఈ యొక్కొక్క ఘట్టముతోను పట్టణము పెరిగెను, తాపీకి పని పెరిగెను. ఉక్కు కొలిమిలో ఇనుమునుండి వేరుపడిన చిట్టెమును నీటితో చల్లార్చి రవ్వగా జేసి సిమెంటులో కలుపుచున్నారు. కనుక ఉక్కునగరమునకును మన తాపీకిని సంబంధము కూలితోనే ముగియలేదు, సరకుతోను గలదు.

వంటగ్యాసు రాకతో పొయ్యి నేల విడిచి కడపరాతి గట్టు నెక్కెను. వంట చేయు ఇల్లాలు నిలువబడెను. పోపు పెట్టినపుడెల్ల చిమ్మెడు నూనెయు, పసుపును గట్టు వెనుక గోడపై పడసాగెను. వెల్లగోడను నీటితో కడుగ వలనుపడదు. అందుచే నున్నని మెఱుగు గల తెల్లని పింగాణీ పలకలు ఆ గోడకెక్కెను. అవి మట్టితో చేయబడి లోన సన్నని రంధ్రములు గలవి. తమ బరువులో నూటికి పదిపాళ్ళకు మించిన నీటిని పీల్చుకొనగలవు. మేస్త్రీలు వానిని నీటితొట్టిలో నానవేసి, వెనుక సిమెంటు ముద్ద పూసి, గోడకు ఆనించి, తాపీ పిడితో మెల్లగా తట్టి, రసమట్టము పెట్టి చూచెడివారు. పలక ఎంత నానవలెనో, గోడ ఎంత తడియై యుండవలెనో వారికి చేతివ్రేళ్ళే చెప్పెడివి.

ఈ మార్పులో లాభపడినవారు పెక్కురు. కాని గానుగ త్రిప్పినవా రేమైరి? గుల్ల కాల్చినవా రేమైరి? ఎద్దులు పోయెను, రాతిచక్రములు చెట్లక్రింద పడియుండెను, పాళ్ళు తెలిసిన వృద్ధులు గతించిరి. నేడు ప్రాచీనాలయమునకు సున్నముతో మరమ్మతు చేయవలసి వచ్చినపుడు ఆ పాళ్ళు తెలిసినవారికై వెదకవలసి యున్నది. మనవారు వ్రాసి యుంచకపోవుటయే దీనికి కారణము.

జిగురు కాలము

ఇప్పుడు రెండవ మార్పు మన కన్నులయెదుటనే జరుగుచున్నది. సంచిలో వచ్చు పొడిని నీటితో కలిపి పలుచగా పూసి పలకల నంటించు పద్ధతి అమెరికాయందును, ఐరోపాయందును 1950 తరువాతి దశకములలో వ్యాపించెను. ఈ పొడియందును సిమెంటును ఇసుకయు గలవు. వానితోబాటు నీటిని పట్టియుంచు ఒక పదార్థమును, ఆరిన పిదప జిగటనిచ్చు మఱియొక పదార్థమును చేర్చబడును. కావున జిగురు సిమెంటునకు శత్రువు కాదు, దాని సంతానమే.

ఈ మార్పునకు మూలకారణము పలకయే. నేటి విట్రిఫైడు పలక గాజువలె గట్టిది. నూటికి అరపాలు నీటినైనను పీల్చదు. నానవేసినను నానదు. పీల్చని పలకకు ఉత్త సిమెంటు ముద్ద పట్టుకొన జాలదు. పూర్వపు మేస్త్రీ నేర్పు పలకయొక్క దాహముపై ఆధారపడియుండెను. దాహమే లేని పలక వచ్చిన పిమ్మట ఆ నేర్పు నిష్ప్రయోజన మయ్యెను.

లెక్క చూతము. మూడు మీటర్ల పొడవు, అరువది సెంటీమీటర్ల ఎత్తుగల గోడ 1.8 చదరపు మీటర్లు. 12 మిల్లీమీటర్ల మందమున మాలు పెట్టిన యెడల ఆ గోడకు సుమారు 43 కిలోల బరువెక్కును. 3 మిల్లీమీటర్ల జిగురునకు 9 కిలోలు చాలును; అనగా 20 కిలోల సంచిలో సగమునకు లోపుగనే. మాలు కలుపుటకు, మోయుటకు మనుష్యులు అక్కఱలేదు. యజమానికి ఇది లాభమే. తట్టతో మాలు మోసిన స్త్రీకి ఇది ఒక దినపు కూలి నష్టము. చరిత్ర వ్రాయువారు ఈ రెండవ లెక్కను మఱువరాదు.

జిగురునకు ధర్మములు వేఱు. వంకర గోడను మందపు మాలుతో సరిచేయవచ్చును. మూడు మిల్లీమీటర్ల జిగురుతో చేయజాలము. కావున గోడపూత ముందే తిన్నగా నుండవలెను. రంగుగాని, వెల్లగాని, నూనెజిడ్డుగాని యున్న గీకి తీయవలెను. రంపపు పండ్లవంటి అంచుగల తాపీతో జిగురును వరుసలుగా గీచి, పలకను అదిమి, వెనుక ఖాళీ లేకుండ చూడవలెను. జిగురు పైపొర ఆరి వ్రేలికి అంటనిచో దానిని తీసివేయవలెనే కాని నీరుచల్లి మెత్తపఱుపరాదు. పలకల సందులను మఱునాడు పూడ్చవలెను. డబ్బాలో కలిపియే వచ్చు మెత్తని జిగురు కొన్నిచోట్ల సులువైనదే. కాని వేడి తగులు పొయ్యి వెనుకకు సిమెంటు కలిసిన పొడిజిగురే మేలు. మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 15477, 2019లో సవరింపబడినపుడు, జిగురులను ఐదు తరగతులుగా విభజించినది. ఏ పలకకు ఏ తరగతియో సంచిమీద చదివి తెలిసికొనవలెను. చదువురాని తాపీకి ఇక కాలము కష్టమే.

మేము చూచినది

కొన్ని యేండ్ల క్రిందట మా యింటనే యిట్లు జరిగినది. ఒక గుత్తదారు వంటింటి గోడకు జిగురుతో పెద్ద పలకలు పెట్టించెను. ఎనిమిది మాసములైన పిదప ఒకనాటి రాత్రి రెండు పలకలు ఊడి గట్టుపై పడి ముక్కలైనవి. మఱునాడు మా మేనమామగారిని పిలిపించితిమి. వారు నలువది యేండ్లు తాపీ పట్టినవారు. జిగురును ఎన్నడును ముట్టనివారు. మిగిలిన పలకలను వ్రేలి కణుపుతో తట్టిచూచిరి. పెక్కింట బోలు శబ్దము వచ్చెను. ఊడిన ముక్క వెనుకకు త్రిప్పి, “ఇదిగో చూడు నాయనా, నాలుగు మూలల నాలుగు ముద్దలు, నడుమ నొకటి. మాలు పెట్టినట్లు జిగురు పెట్టినారు. దీనికింద గోడకున్న రంగైనను గీకలేదు” అనిరి.

మేము అంతవఱకు జిగురునే నిందించుచుంటిమి. దోషము జిగురుది కాదని అప్పుడు తెలిసినది. పాత పద్ధతిని క్రొత్త వస్తువుతో చేయుటయే దోషము. ఆ పలకలు పెట్టిన యువకుడును మనవాడే. వానికి ఎవరును నేర్పలేదు. మామగారు ఆ యువకునే పిలిపించి, సంచిమీది వ్రాతను వానిచే చదివించుకొని, గోడను ఎట్లు గీకవలెనో, మట్టమును ఎట్లు చూడవలెనో వానికి తాము చూపిరి. వృద్ధుడు జిగురును నేర్చుకొనెను. యువకుడు గోడను నేర్చుకొనెను. ఆ గోడ నేటికిని చెక్కుచెదరలేదు.

విన్నపము

సోదరీ సోదరులారా! వస్తువులు మారుచుండును. గుల్లసున్నము పోయినదని విలపించిన ప్రయోజనము లేదు. జిగురు వచ్చినదని గర్వించుటయు తగదు. తూకపు గుండు, రసమట్టము, మూలమట్టము మూడు కాలములందును ఒక్కటే. గోడ తిన్నదనమును, తడిని, పీల్చుటను ఎఱుగుట మన విద్య. అతుకు దానికి సాధనము మాత్రమే. ఐనను, సాధనమును నేర్వనివాని విద్యను లోకము కొనదు.

కావున ఈ మహాసభవారికి మూడు విషయములు మనవి చేయుచున్నాము. మొదటిది: మన వృద్ధ మేస్త్రీలకు తెలిసిన సున్నపు పాళ్ళను, సిమెంటు పాళ్ళను వారు జీవించియుండగనే వ్రాయించి భద్రపఱుపవలెను. రెండవది: పలకపనిలో మన యువకులకు సాయంకాల శిక్షణ నేర్పాటు చేయవలెను, హైదరాబాదున 1998లో స్థాపింపబడిన జాతీయ నిర్మాణ అకాడమీవంటి సంస్థల సహాయమును కోరవచ్చును. మూడవది, మాకు ముఖ్యమైనది: మాలు మోయు పని తగ్గుటచే కూలి గోల్పోవుచున్న మన స్త్రీలకు పలకలు అంటించుటయు, సందులు పూడ్చుటయు నేర్పవలెను. ముగ్గులో చుక్కల వరుస తప్పని చేతికి పలకల వరుస తప్పదు. తట్ట మోసిన చేతికి తాపీ నిచ్చిననాడు ఈ రెండవ మార్పు మొదటిదానివలె మనవారిని నోరులేనివారిగ విడిచి పోజాలదు.

గానుగ త్రిప్పినవారి పేర్లు మనకు దక్కలేదు. జిగురుకాలపు పనివారి పేర్లయినను మన సంఘపు పుస్తకములలో నిలుచునుగాక యని కోరుచు విరమించుచున్నాము.