అమెరికా ప్రభుత్వంపై ప్రజల నమ్మకం: చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఫెడరల్ ప్రభుత్వం మీద పౌరులకున్న నమ్మకాన్ని 1958 నుంచి సర్వేల ద్వారా కొలుస్తున్నారు. వాషింగ్టన్‌లోని ప్రభుత్వం దాదాపు ఎప్పుడూ, లేదా ఎక్కువ సందర్భాల్లో, సరైన పనే చేస్తుందని ఆ ఏడాది నూటికి 73 మంది చెప్పారు. 1964లో వారి సంఖ్య 77కు చేరింది. 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ఇదే అడిగినప్పుడు అలా చెప్పినవారు 16 మందే. వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ కుంభకోణం, ఆర్థిక సంక్షోభాలు, పార్టీల మధ్య ముదిరిన వైరం ఈ దిగజారుడుకు ప్రధాన కారణాలు. నమ్మకం దెబ్బతిన్న సందర్భాల్లోనే సమాచార హక్కు, ఎన్నికల ఖర్చు, నిఘా సంస్థల అదుపు, శాఖల తనిఖీ వంటి విషయాల్లో అమెరికా ముఖ్యమైన చట్టాలు చేసుకుంది. అందువల్ల ఈ చరిత్రలో నమ్మకం ఎలా పోయిందన్నదే కాక, పాలకులను ప్రశ్నించే హక్కు పౌరుల చేతికి ఎలా వచ్చిందన్నది కూడా ఇమిడి ఉంది.

పునాదుల్లోనే అనుమానం

బ్రిటిష్ రాజుపై తిరగబడి ఏర్పడిన దేశం కనుక, అమెరికా అధికారాన్ని ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా పెట్టలేదు. కాంగ్రెస్, అధ్యక్షుడు, న్యాయస్థానాలు ఒకరినొకరు అదుపు చేసుకునేలా 1787లో రాజ్యాంగాన్ని రాసుకున్నారు. ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 27వ దాంట్లో అలెగ్జాండర్ హామిల్టన్ ఇంకో వాదన చేశాడు. పాలన ఎంత బాగుంటే ప్రజలకు ప్రభుత్వం మీద నమ్మకం అంత ఉంటుందన్నది దాని సారాంశం. అధికారాన్ని ఎప్పుడూ అనుమానించాలన్న ఆలోచన, మంచి పాలనతో నమ్మకం సంపాదించాలన్న ఆలోచన అప్పటినుంచీ పక్కపక్కనే నడుస్తున్నాయి.

ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడైన 1829 నుంచి, గెలిచిన పార్టీ తనవాళ్లకు ప్రభుత్వోద్యోగాలు పంచిపెట్టడం ఆనవాయితీ అయింది. 1881లో, ఆశించిన పదవి దక్కలేదన్న కక్షతో చార్లెస్ గిటో అనే వ్యక్తి అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌ను కాల్చాడు. గార్ఫీల్డ్ మరణంతో దేశం కదిలింది. పరీక్షలు పెట్టి, అర్హత చూసి ఉద్యోగాలివ్వాలంటూ 1883లో పెండిల్టన్ చట్టం వచ్చింది. మొదట్లో అది పదో వంతు ఉద్యోగాలకే వర్తించినా, పార్టీలు మారినా పని ఆగని స్థిరమైన ఉద్యోగవర్గానికి అదే పునాది.

షికాగో మాంసం కర్మాగారాల దుస్థితిని అప్టన్ సింక్లెయిర్ 'ది జంగిల్' నవల బయటపెట్టాక, 1906లో ఆహారం, మందుల నాణ్యతకు, మాంసం తనిఖీకి చట్టాలు చేశారు. అమ్మే సరుకు మంచిదో కాదో చూసే బాధ్యత కూడా ఫెడరల్ ప్రభుత్వానిదేనని జనం అంగీకరించారు.

మాంద్యం నుంచి మహాయుద్ధం దాకా

1930ల మాంద్యంలో వేలాది బ్యాంకులు మూతపడి, దాచుకున్న సొమ్ము మునిగిపోయింది. 1933 మార్చి 4న అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ దేశంలోని బ్యాంకులన్నిటినీ తాత్కాలికంగా మూయించాడు. మార్చి 12 రాత్రి రేడియోలో మాట్లాడుతూ, బ్యాంకు ఎలా పనిచేస్తుందో, ఏ బ్యాంకులను ఎందుకు తిరిగి తెరుస్తున్నారో మామూలు మాటల్లో విడమరిచి చెప్పాడు. మర్నాడు బ్యాంకుల ముందు వరుసకట్టిన జనంలో చాలామంది డబ్బు తీసుకోవడానికి కాక తిరిగి వేయడానికి వచ్చారు. మాట వెనక చట్టం కూడా వచ్చింది. 1934 జనవరి నుంచి 2,500 డాలర్ల దాకా డిపాజిట్లకు ఫెడరల్ బీమా కల్పించారు.

1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం వృద్ధులకు పింఛను తెచ్చింది. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు చదువు, ఇంటి రుణం కల్పించే చట్టం వచ్చింది. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం మొదలైంది. ఆ తరం వారికి ప్రభుత్వమంటే కళ్లముందు పని చేసి చూపించిన సంస్థ.

అయితే ఈ మేలు అందరికీ సమంగా అందలేదు. సోషల్ సెక్యూరిటీ మొదట వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని వదిలేసింది. నల్లజాతివారిలో చాలామందికి అవే బతుకుతెరువు. దక్షిణాది రాష్ట్రాల్లో వారికి ఓటు హక్కు నిజంగా దక్కడానికి 1965 ఓటింగ్ హక్కుల చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

కొలమానం పుట్టుక

మిషిగన్ విశ్వవిద్యాలయం నిర్వహించే జాతీయ ఎన్నికల అధ్యయనంలో 1958లో డొనాల్డ్ స్టోక్స్ నమ్మకానికి సంబంధించిన ప్రశ్నలు చేర్చాడు. వాటిలో ముఖ్యమైనదాన్ని పెద్దగా మార్చకుండా నేటికీ అడుగుతున్నారు కనుకనే తరాల మధ్య పోలిక సాధ్యమైంది. 1974లో ఈ కొలమానంపై ఆర్థర్ మిల్లర్, జాక్ సిట్రిన్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తల మధ్య చర్చ జరిగింది. జనం ప్రభుత్వ విధానాలతో విసిగిపోయి వ్యవస్థకే దూరమవుతున్నారని మిల్లర్ వాదించాడు. సర్వేలో బయటపడుతున్న కోపం అప్పటి పాలకుల మీదే తప్ప రాజ్యాంగ వ్యవస్థ మీద కాదని సిట్రిన్ బదులిచ్చాడు. ఆ చర్చ ఇప్పటికీ తేలలేదు.

కుప్పకూలిన దశాబ్దం: 1964–1974

1964 ఆగస్టులో, టోంకిన్ సింధుశాఖలో ఉత్తర వియత్నాం తమ నౌకలపై రెండుసార్లు దాడి చేసిందని లిండన్ జాన్సన్ ప్రభుత్వం ప్రకటించింది. యుద్ధానికి దారితీసిన తీర్మానం ప్రతినిధుల సభలో 416–0తో, సెనెట్‌లో 88–2తో నెగ్గింది. రెండో దాడి అసలు జరగనే లేదని తర్వాత బయటపడింది. గెలుస్తున్నామని అధికారులు చెబుతూ వచ్చిన యుద్ధంలో 1968 జనవరి చివర ప్రత్యర్థులు మొదలుపెట్టిన టెట్ దాడులు, ఆ మాటకూ నేలమీది నిజానికీ ఎంత దూరముందో టీవీ తెరల మీద చూపించాయి.

యుద్ధంపై రక్షణశాఖే తయారుచేయించిన 7,000 పుటల రహస్య చరిత్రను విశ్లేషకుడు డేనియల్ ఎల్స్‌బర్గ్ బయటికి తెచ్చాడు. న్యూయార్క్ టైమ్స్ 1971 జూన్ 13న దాన్ని ప్రచురించడం మొదలుపెట్టింది. ప్రచురణ ఆపాలన్న ప్రభుత్వ వాదనను సుప్రీంకోర్టు 6–3తో కొట్టేసింది. నలుగురు అధ్యక్షుల హయాంలో జనానికి చెప్పినదొకటి, లోపల అనుకున్నది మరొకటి అని, పెంటగన్ పత్రాలుగా పేరుపడిన ఆ చరిత్ర రుజువు చేసింది.

1972లో మరో దారుణం వెలుగు చూసింది. అలబామా రాష్ట్రం టస్కీగీ ప్రాంతంలో ప్రజారోగ్య శాఖ 1932 నుంచి సుమారు 600 మంది నల్లజాతి పురుషులను ఒక అధ్యయనంలో ఉంచింది. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా వారికి వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ ఉండిపోయారు. 1997లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పాడు.

1972 జూన్ 17న వాటర్‌గేట్ భవనంలోని డెమోక్రటిక్ పార్టీ కార్యాలయంలో దొంగతనంగా చొరబడినవారు పట్టుబడ్డారు. రెండేళ్లకు, ఆ కేసు దర్యాప్తు కోసం అధ్యక్షుడి సంభాషణల టేపులు అప్పగించి తీరాలని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. 1974 ఆగస్టు 9న రిచర్డ్ నిక్సన్ రాజీనామా చేశాడు. నెల తిరగకముందే ఆయన వారసుడు జెరాల్డ్ ఫోర్డ్ ఆయన్ను పూర్తిగా క్షమించాడు. ఆ ఏడాది సర్వేలో ప్రభుత్వాన్ని నమ్ముతున్నామన్నవారు నూటికి 36 మంది. పదేళ్లలో సగానికి పైగా నమ్మకం కరిగిపోయింది.

తలుపులు తెరిచిన చట్టాలు

సమాచార స్వేచ్ఛ చట్టం వాటర్‌గేట్‌కు ముందే పుట్టింది. కాలిఫోర్నియా ప్రతినిధి జాన్ మాస్ 1955 నుంచి పట్టువదలక పోరాడగా, జాన్సన్ 1966 జూలై 4న ఇష్టం లేకుండానే సంతకం చేశాడు. అధికారులు దాన్ని దాటవేస్తుండటంతో కాంగ్రెస్ 1974లో ఫోర్డ్ వీటోను కూడా తోసిపుచ్చి పదును పెట్టింది. అదే ఏడాది ఎన్నికల విరాళాలకు హద్దులు పెట్టి, పర్యవేక్షణకు ఫెడరల్ ఎన్నికల కమిషన్ ఏర్పరిచారు.

నిఘా సంస్థలు సొంత పౌరుల ఉత్తరాలు విప్పి చదివాయని, మార్టిన్ లూథర్ కింగ్ వంటి ఉద్యమకారులను వెంటాడాయని సెనెటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ 1975–76లో నిగ్గుతేల్చింది. దాని ఫలితంగా, విదేశీ గూఢచర్యం పేరిట దేశంలో జరిపే నిఘాకు ప్రత్యేక న్యాయస్థానం అనుమతి తప్పనిసరి చేస్తూ 1978లో చట్టం వచ్చింది. అదే ఏడాది 12 ఫెడరల్ సంస్థల్లో ఇన్‌స్పెక్టర్ జనరళ్లను నియమించారు. సొంత శాఖలోని అవినీతిని, వృథాను తవ్వితీసి కాంగ్రెస్‌కు నివేదించడం వీరి పని.

ఇవన్నీ పౌరులకు మేలు చేశాయి. కానీ సర్వేల్లో నమ్మకం తిరిగి లేవలేదు. ధరల మంట, పెట్రోలు బంకుల దగ్గర బారులు, ఇరాన్‌లో బందీలైన దౌత్య సిబ్బంది మధ్య 1980లో అది 25కు దిగింది.

ఎగుడుదిగుళ్లు: 1981–2008

రోనాల్డ్ రీగన్ 1981 ప్రమాణస్వీకార ప్రసంగంలో, అప్పటి సంక్షోభానికి ప్రభుత్వమే మూలమని అన్నాడు. విచిత్రంగా ఆయన హయాంలోనే, ఆర్థిక వ్యవస్థ కోలుకోవడంతో 1984లో నమ్మకం 44కు పెరిగింది. ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మి, ఆ డబ్బు నికరాగ్వా తిరుగుబాటుదారులకు మళ్లించిన వ్యవహారం 1986లో బయటపడింది. 1994కల్లా నమ్మకం 21కి పడింది. 1990ల చివర ఉద్యోగాలు పెరిగి, బడ్జెట్ మిగులులోకి వచ్చాక 2000లో మళ్లీ 44 అయింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత గాలప్ సర్వేలో అది 60కి ఎగసింది. ఆపదలో జనం ప్రభుత్వం చుట్టూ చేరారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవడం సాధ్యం కాలేదు. ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న మాటతో 2003లో యుద్ధానికి దిగారు, అవి దొరకలేదు. 2005 ఆగస్టులో కత్రినా తుపానుకు న్యూ ఆర్లీన్స్‌లో ఫెడరల్ ఇంజనీర్లు కట్టిన కరకట్టలు తెగాయి. నగరం మునిగి, వేలమంది రోజుల తరబడి తిండికి, నీటికి అలమటించారు. 2008లో పెద్ద బ్యాంకులను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్ల పథకానికి కాంగ్రెస్ ఆమోదం తెలిపింది. ఇళ్లు పోగొట్టుకున్నవారికి అందని చేయూత బ్యాంకులకు అందిందన్న ఆగ్రహం ఇటు వామపక్షంలోనూ అటు మితవాదుల్లోనూ ఉద్యమాలై లేచింది.

పనితీరు, పార్టీలు: 2009 తర్వాత

ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబరు 1న తెరిచిన ప్రభుత్వ వెబ్‌సైటు మొదటి రోజే కుప్పకూలింది. కొన్ని నెలల్లో దాన్ని బాగుచేసి 80 లక్షల మందిని చేర్పించినా, జనం మనసులో మొదటి రోజే నిలిచిపోయింది.

మిషిగన్‌లోని ఫ్లింట్ నగరంలో జరిగింది ఇంతకంటే ఘోరం. రాష్ట్ర గవర్నర్ నియమించిన అధికారి చేతిలో నగరపాలన ఉన్నప్పుడు, ఖర్చు తగ్గించేందుకు 2014 ఏప్రిల్‌లో తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చారు. గొట్టాలు తుప్పు పట్టకుండా కలపవలసిన రసాయనం కలపలేదు. సీసం నీళ్లలోకి దిగింది. రంగు మారిన నీటి సీసాలు పట్టుకుని జనం మొరపెట్టుకుంటే నీరు సురక్షితమేనని అధికారులు చెప్పారు. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని 2015 సెప్టెంబరులో పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అతీషా లెక్కలతో నిరూపించాకే మాట మార్చారు.

ఈ కాలంలో నమ్మకానికి పార్టీ రంగు పూర్తిగా అంటింది. అధ్యక్షుడు తమ పార్టీవాడైతే నమ్మడం, కాకపోతే నమ్మకపోవడం రెండు పక్షాల్లోనూ స్థిరపడింది. బడ్జెట్ పంతాలతో ప్రభుత్వ కార్యాలయాలు 2018–19లో 35 రోజులు, 2025లో 43 రోజులు మూతపడ్డాయి. 2020 ఎన్నికల ఫలితాన్ని సవాలు చేసిన అరవైకి పైగా కేసులు కోర్టుల్లో నిలవకపోయినా, 2021 జనవరి 6న కాంగ్రెస్ భవనంపైనే గుంపు దాడి చేసింది.

2025 జనవరిలో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ పదిహేనుకు పైగా సంస్థల ఇన్‌స్పెక్టర్ జనరళ్లను ఒకేసారి తొలగించాడు. 30 రోజుల ముందు కాంగ్రెస్‌కు కారణాలు చెప్పాలన్న నిబంధన ఉల్లంఘించారంటూ ఆ వివాదం కోర్టుకెక్కింది. తనిఖీ చట్టాలు కాగితం మీద ఉంటే చాలదని, వాటిని గౌరవించే పాలకులు కూడా ఉండాలని ఈ ఘటన గుర్తుచేసింది.

దూరపు ప్రభుత్వం, దగ్గరి ప్రభుత్వం

వాషింగ్టన్‌ను నమ్మని పౌరులే తమ ఊరి ప్రభుత్వాన్ని నమ్ముతారు. గాలప్ సర్వేల్లో స్థానిక ప్రభుత్వంపై నమ్మకం ఉన్నవారు ఇటీవల కూడా మూడింట రెండొంతుల దాకా ఉన్నారు. తపాలా శాఖకు, జాతీయ ఉద్యానవనాల శాఖకు మంచి పేరుంది. రోజూ కనబడే సేవకు మన్నన దక్కుతుంది.

కనబడని సేవకు అది దక్కదు. రాజనీతి శాస్త్రవేత్త సుజాన్ మెట్లర్ 2011లో వెలువరించిన 'ది సబ్‌మెర్జ్‌డ్ స్టేట్'లో దీన్ని చూపించింది. ఇంటి రుణ వడ్డీపై పన్ను మినహాయింపు పొందినవారిలో 60 శాతం, సోషల్ సెక్యూరిటీ పింఛను అందుకుంటున్నవారిలోనూ 44 శాతం, తాము ఏ ప్రభుత్వ పథకాన్నీ వాడుకోలేదని చెప్పారు. మరోవైపు, అర్హులకే అందని సాయం ఉంది. ఫారాలు, రుజువులు, ఎదురుచూపులు పేదలను పథకాలకు ఎలా దూరం చేస్తాయో పమేలా హెర్డ్, డొనాల్డ్ మోయినిహన్ 2018లో రాసిన పుస్తకంలో వివరించారు. ఉద్యోగ వీసాపై వెళ్లి, ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి కారణంగా గ్రీన్ కార్డు కోసం ఏళ్లకేళ్లు కాచుకునే తెలుగువారికి కూడా ఈ అనుభవం కొత్త కాదు.

అంచనా

1964 నాటి 77 శాతాన్ని స్వర్ణయుగంగా తలచుకోవడం పరిపాటి. ఆ సంవత్సరమే టోంకిన్ అబద్ధం పుట్టింది. టస్కీగీలో రోగులు వైద్యం లేకుండా చనిపోతున్నారు. దక్షిణాదిలో లక్షలాది నల్లజాతి పౌరులకు ఓటు లేదు. అంటే ఆనాటి నమ్మకంలో కొంత, నిజం తెలియకపోవడం వల్ల వచ్చినదే. తర్వాతి తరాల అనుమానంలో కొంత, నిజం తెలిసినందువల్ల పుట్టినదే. దాన్ని జబ్బుగా మాత్రమే చూడటం తప్పు.

అయితే అనుమానం హద్దు మీరితే నష్టపోయేదీ పౌరులే. తుపానులో, అంటువ్యాధిలో, తాగునీటి విషయంలో నమ్మదగిన ప్రభుత్వం లేకపోతే ముందుగా దెబ్బతినేది బీదవారు. ఈ చరిత్ర పొడుగునా నమ్మకం పెరిగిన సందర్భాలను చూస్తే, 1933 బ్యాంకుల నుంచి 1990ల చివరి దాకా, పాలకులు నిజం చెప్పిన చోట, చెప్పిన పని జనం కళ్లముందు జరిగిన చోట అది ఎక్కువకాలం నిలిచింది. ఆపద వేళ ఉప్పొంగినది ఆపదతోనే పోయింది. అమెరికాకు కావలసింది పాత అంకెకు తిరిగి చేరడం కాదు. పత్రాలు అడిగి చూసే హక్కు, తనిఖీ చేసే అధికారులు, లెక్క తేల్చే కోర్టులు ఉన్న పౌరులు, అన్నీ చూసుకున్నాక కూడా నమ్మగలిగే పాలన కావాలి.