నర్సింగ్ వృత్తిమార్గాలు (భారతదేశం)

భారతదేశంలో నర్సింగ్ చదివినవారు చేపట్టగల ఉద్యోగాలు ఆసుపత్రి వార్డు, ప్రజారోగ్యం, బోధన, సైనిక సేవ అనే శాఖలుగా విస్తరించాయి. అయితే ఎవరు ఏ శాఖలో ఎంతవరకు ఎదగగలరన్నది చాలావరకు వారు చదివిన కోర్సును బట్టే తేలుతుంది. రెండేళ్ల ఏఎన్ఎం (సహాయక నర్సు-మంత్రసాని), మూడేళ్ల జీఎన్ఎం (సాధారణ నర్సింగ్, మంత్రసాని విద్య), నాలుగేళ్ల బీఎస్సీ ప్రవేశ కోర్సులు కాగా, జీఎన్ఎం చదివినవారు మరో రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సుతో పట్టా పొందవచ్చు.

శిక్షణ చరిత్రలో మద్రాసుకు ప్రాథమ్యం ఇవ్వడం పరిపాటి. కొందరు 1854 నాటి మంత్రసానుల శిక్షణాలయాన్ని, మరికొందరు 1871లో అక్కడి జనరల్ ఆసుపత్రిలో వెలసిన పాఠశాలను మొదటిదిగా పేర్కొంటారు. రెండో దానిలోనూ తొలుత నేర్పింది ఆరు నెలల పురుటి విద్యే అంటారు కనుక, ఏ సంవత్సరాన్ని స్వీకరించినా ఈ వృత్తికి తొలి వాకిలి పురుటి గదే అనుకోవచ్చు. పట్టా కోర్సులు 1946లో ఢిల్లీ, వెల్లూరులలో మొదలయ్యాయి. ఢిల్లీలో ఎమ్మెస్సీ ప్రారంభాన్ని 1959గానూ 1960గానూ చెబుతారు. మొదటిదే సరైనదిగా తోస్తుంది. బోధన వైపు వెళ్లేవారికి ఎమ్మెస్సీయే ప్రధాన ఆధారం.

ప్రభుత్వాసుపత్రులలో స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ అన్నది పాత నిచ్చెన. కేంద్ర ప్రభుత్వం 2016లో స్టాఫ్ నర్సు పేరును నర్సింగ్ ఆఫీసరుగా మార్చింది గాని, పేరుతో పాటు పని మారలేదు. హెడ్ నర్సు అయ్యాక డ్యూటీ చార్టు, మందుల ఇండెంటు, దుప్పట్ల లెక్క చేతికొచ్చి రోగి మంచం దూరమవుతుంది. అనుభవం పండినకొద్దీ ఆ అనుభవం అక్కరలేని పనికి పంపడం ఈ నిచ్చెనలోని లోపం.

ప్రజారోగ్య శాఖలో మైదాన ప్రాంతపు ఉపకేంద్రం సుమారు 5000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాలలో 3000 మందికి ఉద్దేశించినది. ఐసు ప్యాకుల మధ్య టీకా సీసాలు సర్దిన పెట్టె భుజాన వేసుకుని ఊళ్లు తిరిగే ఏఎన్ఎం, ఆరు నెలల శిక్షణతో సూపర్‌వైజరు కాగలరు. 2018 తరువాత అదే ఉపకేంద్రంలో బీఎస్సీ లేదా జీఎన్ఎం చదివినవారిని సామాజిక ఆరోగ్య అధికారులుగా నియమిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో వీరిని ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు) అంటారు. రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘవ్యాధుల పరీక్ష, మందుల కొనసాగింపు వీరి పని.

సైనిక నర్సింగ్ సేవ 1888లో బొంబాయి చేరిన బ్రిటిష్ నర్సులతో ఆరంభమైందంటారు. నేడు ఇందులో మహిళలు అధికారి హోదాలో చేరి మేజర్ జనరల్ దాకా ఎదగవచ్చు. ఇక విదేశాలకు వెళ్లేవారు ఆయా దేశాల అర్హత పరీక్షలు నెగ్గాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష తప్పనిసరి.

రోగి చెంతనే ఉంటూ ఎదిగేందుకు ఉద్దేశించినవి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులు. విషమస్థితి చికిత్సకు (క్రిటికల్ కేర్) సంబంధించినది రెండేళ్ల స్నాతకోత్తర కోర్సు. ప్రసూతి శాఖలో కేంద్రం 2018 డిసెంబరులో మార్గదర్శకాలు వెలువరించకముందే, 2017లో తెలంగాణ నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ శిక్షణ ప్రారంభించింది. దీని వ్యవధి 18 నెలలు. చిక్కులు లేని కాన్పును తానే నడిపే ఈ మిడ్‌వైఫ్, పార్టోగ్రాఫ్ అనే పటంపై అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడును, సాధారణంగా నాలుగు గంటలకోసారి గర్భాశయ ముఖద్వారం తెరుచుకున్న కొలతను గుర్తిస్తుంది. గీత హద్దు దాటితే వైద్యులను పిలుస్తుంది.