బి.పి. గోలీ మోతాదు – కొంత చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. పి.ఆర్.సి. గురించి, బకాయిల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, మనలో అధిక భాగం రోజూ మింగే బి.పి. గోలీ చరిత్ర రాద్దామనుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను, గుమస్తాను. ఏ ఉత్తర్వు ఎప్పుడు వచ్చింది, ఎందుకు సవరించారు అని పాత ఫైళ్ళు తిరగేయడం నాకు సర్వీసులో అబ్బిన అలవాటు.

1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై చనిపోయారు. ఆ రోజు ఆయన రక్తపోటు 300/190. అంతటివారికి ఇవ్వడానికీ అప్పట్లో సరైన మందు లేదు. మన దేశంలో మాత్రం సర్పగంధి వేరు ఉంది. దానితో రక్తపోటు తగ్గుతుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ వ్యాసం బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వచ్చాక గాని విదేశాలవారు దాన్ని పట్టించుకోలేదు. 1952లో స్విట్జర్లాండు కంపెనీ సీబా ఆ వేరు నుంచి రిసర్పిన్ తీసింది. అది నరాల ద్వారా పనిచేసేది. రక్తనాళాలను నేరుగా వదులు చేసే హైడ్రలజీన్ కూడా ఆ రోజుల్లో అదే కంపెనీ నుంచి వచ్చింది.

మోతాదు తంటా అక్కడే మొదలైంది. తొలిరోజుల్లో హైడ్రలజీన్‌ను రోజుకు 400 మి.గ్రా., అంతకు పైన కూడా ఇచ్చారు. కొందరికి జ్వరం, కీళ్ళనొప్పులతో లూపస్ వంటి జబ్బు వచ్చింది. మందు ఆపితే తగ్గింది. తరువాత 200 మి.గ్రా. దాటనివ్వకుండా జాగ్రత్తపడ్డారు. నాళాలు వదులైతే గుండె దడదడలాడుతుంది గనుక తోడుగా వేరే మందులూ కలిపారు. 1967లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రీస్ బృందం రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్న 143 మంది మాజీ సైనికులపై జరిపిన పరీక్ష ఫలితం వెలువడింది. నీరు పోయే మందు, రిసర్పిన్, హైడ్రలజీన్ కలిపి వాడినవారిలో ఇద్దరికే పెద్ద ఆపద వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 27 మందికి వచ్చింది. మందు ప్రాణం కాపాడుతుందని లెక్కతో తేలింది అప్పుడే. అందులో మన సర్పగంధి వాటా ఉందని ఎంతమందికి తెలుసు?

ఇక మనవాళ్ళు కళ్ళారా చూసినది నిఫెడిపిన్. 1975లో జర్మనీలో బేయర్ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. 1990 ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్ పి అండ్ టి కాలనీ మొదలుకొని ఎల్.బి. నగర్ దాకా పెద్దవాళ్ళ చొక్కా జేబుల్లో 10 మి.గ్రా. క్యాప్సూల్ ఉండేది. తల దిమ్ముగా ఉంటే చాలు, సూదితో పొడిచి లోపలి రసం నాలుక కింద పిండుకునేవారు. పావుగంటలో బి.పి. దిగేది. మంత్రం వేసినట్టుందని సంబరపడేవారు. మా కాలనీలో ఒక పెద్దాయన అలా పిండుకుని లేచి నిలబడబోయి గుమ్మంలోనే కూలిపోయారు. ఆ తరువాత ఎడమ చెయ్యి స్వాధీనంలోకి రాలేదు.

కారణం కష్టమైనదేమీ కాదు. కృష్ణా నీళ్ళ ప్రెషర్ ఒక్కసారి పడిపోతే కింది వాటా నల్లాకు నీళ్ళొస్తాయి, మేడమీది నల్లాకు ఎక్కవు. ఏళ్ళ తరబడి ఎక్కువ పోటుకు అలవాటుపడిన మెదడుకు, గుండెకు రక్తం అలాగే అందకుండా పోతుంది. పైగా ఆ రసం నాలుక కింద ఇంకేది చాలా తక్కువ, మింగాకే ఒంటికి పట్టేదని తరువాత తేలింది. 1996లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో గ్రాస్‌మన్, మెసర్లీ ప్రభృతులు పక్షవాతం, గుండెపోటు, మరణం సంభవించిన కేసులు చూపి, ఈ పద్ధతి నిలిపివేయాలని రాశారు. అయినా మన వీధుల్లో ఆ అలవాటు పోవడానికి మరికొన్నేళ్ళు పట్టింది. ఉత్తర్వు రాగానే అమలవుతుందా ఎక్కడైనా?

ఇప్పుడు మనం వాడే ఆమ్లోడిపిన్ అదే కుటుంబానిది, కాని నిదానస్తురాలు. సగం మందు ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే రోజుకొక్కటి చాలు. పూర్తి ఫలం తెలియడానికి వారం పైగా ఆగాలి. మూడోరోజునే “పనిచేయట్లేదు” అని మోతాదు పెంచుకోవడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి చూడండి. మామూలు మోతాదు 5 మి.గ్రా., వయసు మళ్ళినవారికి చాలాసార్లు 2.5తో మొదలుపెడతారు, 10 దాటరు. మోతాదు పెరిగేకొద్దీ పాదాలు వాచడమూ పెరుగుతుంది. అది చూసి కిడ్నీ పోయిందని హడలిపోయినవాళ్ళూ ఉన్నారు, గోలీ తామే మానేసి పోటు పెంచుకున్నవాళ్ళూ ఉన్నారు. డాక్టరుకు చూపిస్తే తగ్గించడమో మార్చడమో ఆయనే చేస్తారు.

ఒకరోజు మరచిపోతే ఏం చేయాలని సభ్యులు తరచు అడుగుతారు. డి.ఏ. బకాయిలాగ నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి తీసుకునేది కాదు. నిన్నటిది పోయినట్టే, ఇవాళ్టిది ఒక్కటే వేసుకోవాలి. కంపెనీ మారితే పట్టీ రంగు మారుతుంది కాబట్టి రంగు గుర్తుపెట్టుకుని లాభం లేదు. మీద 5 అని ఉందో 10 అని ఉందో కళ్ళజోడు పెట్టుకుని చదవాలి, లేదా మనవడిచేత చదివించుకోవాలి.

2017లో కేంద్ర ఆరోగ్యశాఖ, ఐ.సి.ఎం.ఆర్., ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి అయిదు రాష్ట్రాల్లో రక్తపోటు అదుపు కార్యక్రమం మొదలుపెట్టాయి. వాటిలో తెలంగాణ ఒకటి. ఏ మందు ముందు, ఎంత మోతాదు, ఎన్నాళ్ళకు పెంచాలి అన్నది రాష్ట్రానికొక వరుసగా కాగితం మీద పెట్టారు. మన రాష్ట్రపు వరుసలో మొదటి మెట్టు ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా.