పాత కారు హీటర్ కంప్యూటర్‌ని చల్లబరిచిన కథ

ఈ రోజు మన హీరో కారు హీటర్ కోర్. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ డాష్‌బోర్డ్ వెనకాల ఒక చిన్న రేడియేటర్‌లోకి వెళ్తుంది. దాని మీదుగా ఫ్యాన్ గాలి తోస్తే మనకి వేడి గాలి వస్తుంది. ఆ చిన్న రేడియేటరే హీటర్ కోర్.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. ఆ 300 మెగాహెర్ట్జ్ చిప్‌ని చాలామంది 450 దాకా పరిగెత్తించారు. ఓవర్‌క్లాకింగ్ పిచ్చి ముదిరింది, చిప్‌ల వేడీ పెరిగింది. పీసీ కోసమే చేసిన రేడియేటర్లు అప్పట్లో తక్కువ. దాంతో అమెరికా కుర్రాళ్లు కార్ల విడిభాగాల షాపుల మీద పడ్డారు. 1977 పాంటియాక్ బోన్‌విల్ హీటర్ కోర్ బాగా ఫేమస్ అయింది. రెండు 120 ఎంఎం ఫ్యాన్లు దానికి దాదాపు సరిపోయేవి.

మరి పంపు? చేపల తొట్టి పంపే. నీటిని మీటరున్నర, రెండు మీటర్ల ఎత్తుకి మించి తొయ్యలేదు. అందుకే అందరిదీ ఒకటే టెన్షన్: ఏ కోర్ నీళ్లని ఎక్కువ అడ్డుకుంటుంది?

కొలవడం సింపుల్. కోర్‌కి ముందొకటి, తర్వాతొకటి పారదర్శకమైన ట్యూబులు నిలబెట్టాలి. రెండింటిలో నీటిమట్టాల తేడాయే ఆ కోర్ తినేసిన ప్రెషర్.

కొన్ని కోర్లలో నీళ్లు అన్ని గొట్టాల్లోనూ ఒకేసారి ఒకే దిక్కుకి పోతాయి. కొన్నింటిలో సగం గొట్టాల్లో వెళ్లి, మిగతా సగంలో తిరిగొస్తాయి. అంటే అంతే నీటికి వేగం రెట్టింపు, దూరం రెట్టింపు. అడ్డంకి తక్కువలో తక్కువ 4 రెట్లు, నీరు సుడులు తిరిగితే దాదాపు 8 రెట్లు.

భయంగా ఉంది కదా? ఇక్కడే ట్విస్ట్. ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాక్‌లో దారులు చాలా సన్నం. ప్రెషర్‌లో ఎక్కువ భాగాన్ని మామూలుగా అదే తినేస్తుంది. ఇంటర్‌లో చదివిన సిరీస్ రెసిస్టర్లు గుర్తున్నాయా? పెద్దదాన్ని అలాగే ఉంచి, చిన్నదాన్ని సగం చేస్తే కరెంట్ ఎంత పెరుగుతుంది? ఇదీ అంతే. కోర్ల మధ్య తేడా నిజమే, కానీ మొత్తం లూప్‌లో అది చిన్నది.

2004లో యాపిల్ 2.5 గిగాహెర్ట్జ్ పవర్ మ్యాక్ జీ5ని లిక్విడ్ కూలింగ్‌తో తెచ్చింది. ఆ సిస్టమ్ చేసింది ఎవరో తెలుసా? డెల్ఫై. ఒకప్పుడు జనరల్ మోటార్స్‌లో భాగమైన కారు విడిభాగాల కంపెనీ. పాంటియాక్ కూడా అప్పట్లో జనరల్ మోటార్స్ బ్రాండే! కుర్రాళ్లు వెళ్లిన గడపకే యాపిల్ కూడా వెళ్లిందన్నమాట.

సో ఫ్రెండ్స్, రేడియేటర్ మార్చేముందు మీ లూప్‌లో అన్నిటికన్నా ఇరుకైన చోటు ఏదో చూడండి. డబ్బులు పెట్టాల్సింది అక్కడ.