ఉపదేశి

తెలుగు కథోలిక సంఘంలో సత్యోపదేశం నేర్పే గృహస్థు. ఒక్కో విచారణ (పారిష్) కింద ఎన్నో ఊళ్లుంటాయి. గురువులు పూజకు వచ్చే రోజులు కొన్నే. మిగతా రోజుల్లో గుడి తలుపు తీసి గంట కొట్టేదీ, పిల్లలచేత జపాలు వల్లె వేయించేదీ, చావు ఇంట ప్రార్థన నడిపేదీ ఉపదేశే. ఇంత బరువు మోసేవారికి తోడు కావాలి. మేత్రాసన (డయోసిస్) సమావేశాల్లో తోటి ఉపదేశులను కలవడం పెద్ద ఊరట. పాఠం చెప్పే తీరుతోపాటు ఇంటి కష్టమూ అక్కడ మాటల్లోకి వస్తుంది. శిక్షణ కోసం బెంగళూరులో జాతీయ బైబిల్, సత్యోపదేశ, దైవార్చన కేంద్రాన్ని ఫాదర్ అమలోర్‌పవదాస్ 1967లో నెలకొల్పారు. ఉపదేశులకు న్యాయమైన వేతనం, సామాజిక భద్రత ఉండాలని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. ఆ మాట మరుగున పడకూడదు. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపు ఉపదేశి సేవను అధికారిక పరిచర్యగా స్థాపించారు.