మూడు ప్రాణుల లెక్క

కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపమున ఎఱ్ఱగుడి బండలపై అశోకుని పదునాలుగు శిలాశాసనములును చెక్కబడియున్నవి. క్రీ. పూ. 257 ప్రాంతమున వెలసిన యీ శాసనములలో మొదటిది రాజు వంటయింటిని గూర్చినది. పూర్వము ప్రియదర్శి మహానసమున కూరల నిమిత్తము దినదినము లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెడివనియు, శాసనము వ్రాయించునాటికి మూడు మాత్రమే చంపబడుచున్నవనియు అది తెలుపుచున్నది. ఆ మూడును రెండు నెమళ్లు, ఒక లేడి. ఆ లేడియు నిత్యము కాదు. ఇకమీదట ఈ మూడింటిని సయితము చంపరన్నది తుదిమాట.

లక్షలన్నది అక్షరాల లెక్క కాకపోవచ్చును. మూడన్నది మాత్రము నిశ్చయముగా ఎన్ని చెప్పిన సంఖ్య. కీర్తిని మాత్రమే కోరు రాజైనచో, ఆ మూడింటిని కూడ మానినపిదపనే శాసనము చెక్కించియుండును. లేదా వాని ప్రసక్తి లేకుండ దయను గూర్చి విరివిగా చెప్పియుండును. అశోకుడు ఆ రెండును చేయలేదు. తాను పూర్తిగా జయింపని అలవాటును సంఖ్యతోసహా ఱాతికెక్కించెను. ఆ వాగ్దానము నెరవేరినను నెరవేరకున్నను, రెండు నెమళ్లును ఒక లేడియు బండపై నేటికిని నిలిచియున్నవి.

సామ్రాజ్యపు వాయవ్యపు కొనన, ఆఫ్ఘనిస్థానమందలి కాందహారులో, 1958లో బయల్పడిన ద్విభాషాశాసనము ఈ విషయమునే మఱియొకరీతిని చెప్పుచున్నది. అందలి గ్రీకుభాగము రాజు ప్రాణిహింసను మానెనని చెప్పగా, దాని క్రిందనున్న అరమాయికు భాగము రాజు భోజనమునకై కొద్ది ప్రాణులే చంపబడుచున్నవనియు, దానిని చూచి జనులును మానిరనియు చెప్పుచున్నది. ఒకే ఱాతిపై ఒక భాష ‘మానెను’ అనగా, రెండవది ‘తగ్గించెను’ అనుచున్నది. ఎఱ్ఱగుడి లెక్కకు దగ్గఱగా నున్నది ఈ రెండవ మాటయే.

బౌద్ధవినయమున భిక్షువునకు మాంసము సర్వథా నిషిద్ధము కాదు. తనకొఱకై చంపినట్లు తాను చూడని, వినని, శంకింపని మాంసమును అతడు గ్రహింపవచ్చును. ఇంటింట భిక్షమెత్తువానికి ఆ నియమము చాలును. రాజునకు చాలదు. అతని మహానసమున తెగిన ప్రతి మెడయు అతని పేరనే తెగినది. తెలియదనుటకు అతనికి తావులేదు. కావుననే రాజు అహింస ఉద్దేశముతో గాక లెక్కతో మొదలుకావలసివచ్చెను.

ఈ శాసనము నిషేధములు లేనిది కాదు. ‘ఇక్కడ’ ప్రాణులను చంపి హోమము చేయరాదని అది ఆరంభించుచున్నది. ‘ఇక్కడ’ అనగా రాజధానియా, సామ్రాజ్యమంతయునా అని పండితులు వాదించుకొనిరి. అయినను ప్రజల భోజనమును గూర్చి ఇందు ఒక్క ఆజ్ఞయు లేదు. రాజు చెప్పినది తన కంచము సంగతియే.

పట్టాభిషేకమైన 26 ఏండ్లకు వెలసిన అయిదవ స్తంభశాసనమున ఈ ధోరణి మాఱినది. చిలుకలు, గోరువంకలు మొదలు చంపరాని ప్రాణుల పట్టిక అందున్నది. చూలుతోనున్న మేకలను, పాలిచ్చు గొఱ్ఱెలను, ఆఱునెలలు నిండని పిల్లలను చంపరాదు. పురుగులున్న పొట్టును తగులబెట్టరాదు. కొన్ని తిథులలో చేపలను చంపనురాదు, అమ్మనురాదు. దయ ఇచ్చట చట్టమయ్యెను. కాని వల విప్పని దినమున జాలరి యింట పొయ్యి ఎట్లు రాజునో ఆ శాసనము చెప్పదు. రాజు తన కూరను తగ్గించుకొనుట వేఱు, పేదవాని కూలిని తగ్గించుట వేఱు.

ఈ భేదమును అశోకుడే గుర్తించినట్లు మఱుసటి యేటి స్తంభశాసనము సాక్ష్యమిచ్చుచున్నది. ధర్మవృద్ధికి నియమమనియు, నచ్చజెప్పుటయనియు మార్గములు రెండని చెప్పి, ప్రాణులను అవధ్యములుగా ప్రకటించుట నియమమునకు చేరినదనియు, నియమము స్వల్పమనియు, నచ్చజెప్పుటయే అధికమనియు ఆయన తేల్చెను. ఇది తన చట్టముపై తానే చెప్పుకొనిన తీర్పు.

తరువాతి కాలమున ఈ దేశమందు మాంసవర్జనము పలుతావుల కులగౌరవమునకు గుర్తయి, తినువానిని తక్కువచేయు సాధనమయ్యెను. ఎఱ్ఱగుడి బండపై ఆ ఛాయ లేదు. అచ్చట తినువాడు చక్రవర్తి. లెక్క చెప్పుకొనువాడును అతడే. పరుల కంచము నెంచకమునుపే అతడు తన మూడింటిని ఎంచెను.